ఒకే థాను కుటుంబం

ఆ రోజుల్లో అమీర్‌పేటలో డిసెంబరు చలి అంటే చలి. పాలవాడు పోసిన పాలు గిన్నెలో పడేలోపే ఐస్‌క్రీమయ్యేవి. బేగంపేట నాలా గడ్డకడితే మేం దాని మీద నడిచి అవతలి ఒడ్డుకు పోయి చాయ్ తాగి వచ్చేవాళ్లం. (పోలేదు. ఆ నాలాలో పారేది ఏ చలికీ గడ్డకట్టే సరుకు కాదు. చాయ్ తాగిన మాట మాత్రం నిజం.) ఇప్పుడు నెత్తిమీద మెట్రో పోతోంది, కింద జనం ఏసీ మాల్‌లో చలి కొనుక్కుంటున్నారు. మాకు అప్పట్లో చలి ఉచితం. స్వెట్టర్ మాత్రం ఇంటికి ఒక్కటే, అది నాన్నది, అందులో నాన్న ఉండేవాడు.

నాకప్పుడు ఇరవై రెండు దాటాయి. సోమాజిగూడలో ఒక ప్రెస్సులో టైపిస్టుగా కొత్తగా చేరాను. పండగకు వారం సెలవు దొరికింది. తోటివాళ్లు ఊటీ అన్నారు, గోవా అన్నారు. నేను కూడా తక్కువ తినలేదు, "మేం ప్రతి ఏడూ చలికాలం ఎక్కడికైనా వెళ్తామండీ" అన్నాను. వెళ్లేవాళ్లం, అబద్ధం కాదు: అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు. కాలినడకన. దారిపొడుగునా ఉప్పూకారం పూసిన జామకాయలు, పేవ్‌మెంటు మీద కుప్పపోసిన రంగురంగుల మంకీ క్యాపులు, దుకాణాలకు వేలాడే కాగితపు నక్షత్రాలు, బేకరీల ముందు వెన్న కాలే వాసన. జేబులో మొదటి జీతాల బరువు, తల మీద అరచేతి మందం కొబ్బరినూనె. ఆ వారం రోజులూ ఆ రోడ్డుకు నేనే యజమానిని. ఏ కొండ మీదికి పోయినా నాకు అంత సుఖం దొరికేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. (ఊటీ నేను ఇంతవరకూ చూడలేదు. కాబట్టి నా నమ్మకానికి ఢోకా లేదు.)

ఇక్కడ మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్లలో చాలాచోట్ల ఉన్నదే, కానీ మా నాన్న చేతిలో అది రాజ్యాంగమైంది. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికీ ఒకే థానులోంచి బట్టలు. నాన్నకు చొక్కా, నాకు చొక్కా, ఇద్దరు తమ్ముళ్లకు చొక్కాలూ నిక్కర్లూ, చెల్లికి గౌను, అక్కకు ఆ ఏడాదిని బట్టి లంగాయో ఓణీయో చీరో. మిగిలినదానితో దిండు గలీబులు. అమ్మ ఒక్కదానికే మినహాయింపు. మా చర్చి ఆనవాయితీ ప్రకారం పండగనాడు ఆమె తెల్లచీరే కట్టాలి. మేమంతా వరసగా రోడ్డెక్కితే, పొద్దున మా దిండ్లు చూసినవాడెవడైనా మమ్మల్ని గుర్తుపట్టేవాడు. ఒకసారి బస్సులో కండక్టరు, "గీ బండిల్‌కు లగేజీ టికెట్టు కొట్టాల్నా, మనుషుల టికెట్టు కొట్టాల్నా?" అనడిగాడు. నాన్న మాత్రం గర్వంగా, "విడిపోయినా దొరుకుతరు" అనేవాడు.

ఆ ఏడు అక్కకు సంబంధం వచ్చింది. ఎర్రగడ్డ వాళ్లు. (మార్కెట్ దగ్గర ఇల్లు. మీరనుకున్న పిచ్చాసుపత్రి దగ్గర కాదు.) అబ్బాయి సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు, తాగడు. పెళ్లిచూపులు ఎప్పుడంటే వాళ్లమ్మ, "ఇంటికొచ్చుడు, పలహారాలు, గవన్ని ఎందుకు? పండుగనాడు మీ చర్చికొస్తం. పిల్ల పాట పాడుతది కద, ఆడనే చూస్తం" అంది. మా దాంట్లో అదీ ఒక పద్ధతే. నచ్చకపోతే ఎవరికీ ఏమీ జరగనట్టు, "హ్యాపీ క్రిస్మస్" చెప్పి కేకు తిని వెళ్లిపోవచ్చు. ప్రతి పండక్కీ మా కుటుంబం వేదికెక్కి ఒక ప్రత్యేక గీతం పాడేది. రచన నాన్నదే. ఏటా ఒక చరణం పెరిగేది, ఎన్నడూ ఒకటీ తగ్గేది కాదు. అక్కను చూడాలనుకున్నవాళ్లకు అంతకంటే తీరికైన అవకాశం ఉండదు.

అదే ఏడు నాన్న థాను కొనే అధికారాన్ని నాకు ధారపోశాడు. "నువ్వు జీతం తెస్తున్నవ్, ఇగ పెద్దోనివైనవ్. పోయి తీస్కరా" అన్నాడు. నేను చెప్పులేసుకుంటుంటే అక్క గుమ్మం దగ్గర నా మోచెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, ఒక్క మాట. ఈసారి నాకు థాను ఒద్దురా."

"నాయనకెవరు చెప్తరు?"

"నువ్వు జెప్పు, పెద్దోనివైనవ్ గద. మీరంత ఏమన్న ఏసుకోండ్రి. నాకొక్కదానికి వేరే చీర. జర మెత్తగ, లేత రంగుది. అందరు ఒక్కతీరుగ ఉంటే నేను అండ్ల యాడున్ననో వాళ్లకెట్ల తెలుస్తదిరా?"

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద" అన్నాను. ఆ మాట నేను జీవితంలో చాలామందితో అన్నాను. విన్నవాళ్లెవరూ రెండోసారి నన్ను అడగలేదు.

పంజాగుట్టలో మేం ఏటా కొనే దుకాణందారును మేం 'గజం అన్న' అనేవాళ్లం. సిరిసిల్ల వైపు నేతకారుల ఇంటినుంచి వచ్చి బట్టల వ్యాపారం పెట్టాడు. ఇనుప గజం కట్టెను బల్ల మీద టంగుమని కొట్టి గానీ మాట్లాడేవాడు కాదు.

"ఏం తమ్మీ, నాయన రాలే?"

"ఇగ నుంచి నేనే."

"అట్లనా! అయితే నిన్ను సార్ అనాలె. కూసో సార్. చోటూ, సార్‌కు చాయ్ దే."

ఆ 'సార్' అనే మాట దగ్గరే నా పని అయిపోయింది. ఆయన లోపలినుంచి ఒక థాను భుజం మీద మోసుకొచ్చి, బల్ల మీద అలా దొర్లించాడు. ముదురు మెరూన్ రంగు, దాని మీద అరచేయంత బంగారు నక్షత్రాలు. దుకాణంలో లైటు వేసినట్టయింది.

"బొంబాయి మాలు సార్. చిరగదు, మాయదు. ఎండల ఏలాడదీసినా ఏండ్లకేండ్లు రంగు పోదు."

మా నాన్నను ఎండలో ఎవరు వేలాడదీస్తారు అని నేనప్పుడు అడగాల్సింది. అడగలేదు. "కొత్తదేనా? ఎవరన్న కొన్నరా?" అని మాత్రం అడిగాను, తెలివైన కొనుగోలుదారుడిలాగా.

"ఎవరన్ననా? మొన్ననే మీ చర్చోళ్లే ఒకామె సగం బేలు తీస్కపోయింది. ఇగో, మిగిలింది గిదొక్క థానే. మొత్తం తీస్కుంటే నీకు సస్త పడ్తది, కోసి ఇయ్య."

సగం బేలు! చూడండి, ఇంకో ఇంట పుట్టినవాడెవడైనా ఆ మాట వినగానే అంత బట్ట ఎందుకమ్మా అని ఆలోచించేవాడు. ఒకే థాను కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు మాత్రం, 'పాపం, ఎంతమంది పిల్లలో' అనిపించింది. పైగా మన చర్చివాళ్లే కొన్నారంటే మర్యాదైన బట్టే అని ధైర్యం వచ్చింది. ఇక బేరం. ఆ బేరం గురించి పంజాగుట్ట చౌరస్తాలో చాలాకాలం చెప్పుకున్నారు. పొద్దున మొదలుపెడితే ఎండ వాలేదాకా సాగింది. చివరికి గజం అన్న కళ్లనీళ్లు పెట్టుకుని, గజం కట్టె నా పాదాల దగ్గర పెట్టి, "సార్, నువ్వు గెలిచినవ్" అన్నాడు. (చెప్పుకున్నది నేనొక్కణ్ణే. బేరం చాయ్ చల్లారేలోపు అయిపోయింది. కళ్లనీళ్లు పక్క బండి మీద మిర్చి వేగుతున్నందుకు. గజం కట్టె నా పాదాల దగ్గర పెట్టలేదు, పాదం మీద పడేశాడు.) కుంటుకుంటూ, భుజం మీద థానుతో, ఏనుగెక్కినవాడిలా అమీర్‌పేటకు తిరిగొచ్చాను. అక్క లేత రంగు చీర సంగతి గ్రీన్‌ల్యాండ్స్ చౌరస్తా దాకా గుర్తుంది. ఆ తర్వాత, 'మొదటి ముక్క అక్కకే కోయిస్తే సరి' అని సర్దుకున్నాను.

"ఇదేందిరా?" అంది అక్క.

"థాను."

"నా చీర?"

"ఇండ్లనే ఉన్నది. కోస్తే ఎల్తది."

అక్క థానును చూసింది, నన్ను చూసింది. "నువ్వు నాకు తమ్మునివా, పగోనివా?" అని లోపలికి పోయింది. నాన్న మాత్రం బట్టను బొటనవేలితో రుద్ది, "గట్టిది" అన్నాడు. మా నాన్న నిఘంటువులో అంతకు మించిన పొగడ్త లేదు. ఆయన పెళ్లికి ముందు అమ్మను గురించి కూడా అదే మాట అన్నాడట. దర్జీ మాస్టరు సూదులు విరగ్గొట్టుకుంటూ, మమ్మల్ని తిట్టుకుంటూ పండగ ముందు సాయంత్రానికి బట్టలిచ్చాడు. పాత చీర కట్టుకుంటానని అక్క మొండికేసింది. "పండుగనాడు, సంబంధమోళ్ల ముంగట పాతదా? ఊకో" అని అమ్మ దాన్ని నోరెత్తనీయలేదు.

మర్నాడు ఆ చీర అక్కను కట్టించుకోవడానికి ఒప్పుకోలేదు. కుచ్చిళ్లు పెడితే విడిపోయి నిటారుగా నిలబడేవి. అమ్మ ఒకవైపు, చెల్లి ఒకవైపు పట్టి లాగి, పిన్నీసులు గుచ్చి, చివరికి ఎలాగో పూర్తి చేశారు. అక్క చీర కట్టుకున్నట్టు లేదు, చీరలో నిలబడినట్టుంది. ఆ తతంగంలో ఆలస్యమై, మేం చర్చికి చేరేసరికి ఆరాధన సగమైపోయింది. మా పాస్టరు అయ్యగారు కోస్తా మనిషి, మైకులో మమ్మల్ని చూస్తూనే, "ఏంటండీ ఇంతాలస్యం! మీ కుటుంబ ప్రత్యేక గీతం కోసమే ఎదురుచూస్తున్నాం. కూర్చోకండి, నేరుగా పైకి వచ్చేయండి!" అన్నారు.

బెంచీల మధ్య దారిలో నాలుగడుగులు వేశాక చూశాను. వేదిక వెనక గోడ మొత్తం, పైనుంచి కిందదాకా, ఆ చివర నుంచి ఈ చివరకు, ముదురు మెరూన్ తెర. దాని మీద అరచేయంత బంగారు నక్షత్రాలు. బల్లకూ అదే గుడ్డ. ప్రసంగ పీఠానికీ అదే. హార్మోనియానికి కూడా అదే తొడుగు. పక్కన నిలబడి తన పనితనాన్ని చూసుకుంటున్న, ఏటా చర్చిని ముస్తాబు చేసే అలంకరణ ఆంటీ, మా వరసను చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సగం బేలు ఎంతమంది పిల్లలకో నాకప్పుడు తెలిసింది.

"తమ్మీ, గా తెర చూసినవా?" అక్క పెదాలు కదలకుండా అడిగింది.

"చూసిన."

"నేను ఇంటికి పోతున్న."

వెనకనుంచి నాన్న, "నడువుండ్రి, నడువుండ్రి" అన్నాడు.

"నాయనా, తెర..."

"దేవుని సన్నిధికొచ్చి బట్టలు చూస్తర్రా? నడువు!"

(నాన్న భక్తిని చూసి ఆ రోజు నేను చలించిపోయాను. ఆయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడని తర్వాత తెలిసింది.)

మూడో వరసలో ఎర్రగడ్డవాళ్లు ఉన్నారు. అబ్బాయి, వాళ్లమ్మ, వాళ్ల నాయనమ్మ. నాయనమ్మకు వినపడదు, అందుకని లోకంలో ఎవరికీ వినపడదనుకుని మాట్లాడేది. మేం వేదికెక్కి వరసగా నిలబడ్డాం. కిందినుంచి మేమెలా కనిపించామో చాలామంది నాకు చాలాసార్లు చెప్పారు, అందరూ ఒకేలా చెప్పారు: నడుమ అమ్మ, తెల్లచీరలో, ఆపాదమస్తకం. ఆమె చుట్టూ గాలిలో ఆరు తలకాయలు. అవి నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అప్పుడప్పుడూ ఎక్కడినుంచో ఒక చెయ్యి వచ్చి ముక్కు గోక్కుని మాయమవుతోంది. (అది నాది.)

మొదటి చరణం అయింది. రెండోదానికి హార్మోనియం ఊపిరి తీసుకుంటున్న ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ గొంతు చర్చి కప్పు దాకా వినిపించింది.

"ఏమే, పిల్ల మంచిగనే ఉన్నది గనీ, జర వయసెక్కువున్నట్టున్నది!"

అబ్బాయి తల్లి ఆమె చెయ్యి గిల్లింది. "అత్తమ్మా, నోర్ముయ్! ఆమె పిల్ల తల్లి!"

"ఆఁ? ఏమంటున్నవే?"

అబ్బాయి నాయనమ్మ చెవి దగ్గరికి వంగి, ఆమెకు వినపడాలని గొంతు పెంచాడు. "నాయనమ్మా, తెల్లచీరామె తల్లి. పిల్ల గా పక్కన. ఎడమదిక్కు, రెండో తలకాయ."

"తలకాయొక్కటేనారా? మిగిలింది ఏడున్నది?"

"ఉన్నది నాయనమ్మా. తెరల కలిసింది."

ముందు నవ్వింది అక్కే. పాట మధ్యలో, మైకు ముందు, కిసుక్కుమని మొదలై అది అదుపు తప్పింది. దాని వెనక తమ్ముళ్లు, చెల్లి. తర్వాత ముందు వరసలు, వెనక వరసలు, ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు. హార్మోనియం వాయించేవాడు తల పెట్టెమీద పెట్టుకున్నాడు. అయ్యగారు తెల్లంగీ చేతితో కళ్లు తుడుచుకున్నారు. బెంచీలు విరిగాయి, గంట దానంతటదే మోగింది, ఆ నవ్వు విని అమీర్‌పేట చౌరస్తాలో పోలీసు బండ్లు ఆపాడు. (ఒక బెంచీ కిర్రుమంది.) నాన్న మాత్రం కళ్లు మూసుకుని, ఒంటరిగా, తన చరణాలన్నీ చివరిదాకా పాడి గానీ దిగలేదు.

ఆరాధన అయ్యాక ఆవరణలో చాయ్, కేకు. నాన్న గ్లాసు పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఎవరో జరిగింది విప్పి చెప్పారు కాబోలు, కళ్లద్దాల్లేని కళ్లతో నన్నే వెతుకుతున్నాడు. నేను అమ్మ వెనక, అంటే తెల్లచీర వెనక నిలబడ్డాను. 'సంబంధం పోయింది' అని ఎవరూ అనలేదు గానీ, ఎవరూ కేకు తినలేదు. అప్పుడే ఎర్రగడ్డవాళ్లు వచ్చారు. నాయనమ్మ అక్క గడ్డం పట్టుకుని, కిందినుంచి మీదిదాకా చూసి, "ఒళ్లు సుత ఉన్నదే తల్లీ నీకు!" అని సంతోషపడింది. అబ్బాయి తల్లి మొహమాటంగా, "ఏమనుకోకుండ్రి వదినా. మాకు పిల్ల మంచిగ కనవడలే. ఆదివారం ఇంటికొచ్చి మల్లొకసారి చూస్తం" అంది.

నాన్నకు ప్రాణం లేచొచ్చింది. "రాండ్రి, రాండ్రి! తప్పక రాండ్రి!"

"ఒద్దు" అంది అక్క.

చాయ్ గ్లాసులన్నీ ఆగిపోయాయి. నా థాను నా అక్క పెళ్లి చెడగొట్టిందని, ఇక అది పాడదు, నవ్వదు, నన్ను తమ్మీ అనదు అని ఆ క్షణంలో నిర్ణయించేసుకున్నాను.

"ఏందే ఒద్దంటవ్?" అంది అమ్మ.

"మల్ల ఎందుకమ్మా? వాళ్లకు నేను కనవడలే, నిజమే. నాకు వాళ్లు కనవడ్డరు గద. ఇంటికొస్తే తల వంచుకోని చాపను చూడాలె. ఈడ నన్ను ఎవరు చూస్తలేరు. నేనే చూసిన. మంచిగ, కండ్లు పెట్టి, పాట మొత్తం." అక్క ఎవరి వైపూ చూడకుండా చెప్పుకుపోయింది. "ముసలమ్మను కోడలు నోర్ముయ్యమన్నది. ఆయనొక్కడే ఎవరు తల్లి, ఎవరు పిల్ల అని ఆమెకు ఒక్కొక్క తలకాయ చూపిచ్చి చెప్పిండు. నవ్వొస్తున్నా ఆపుకోని చెప్పిండు. నాకు చాలు. వాళ్లకు చాలకపోతే వాళ్ల ఇష్టం."

అందరం అబ్బాయి వైపు తిరిగాం. అతను చాయ్‌లోకి చూస్తూ, చెవులదాకా ఎర్రబడి, "నాక్సుత..." అన్నాడు. ఒక గుక్క తాగి, "తలకాయ చాలు" అన్నాడు.

"ఏమంటున్నడే?" అంది నాయనమ్మ.

ఎర్రగడ్డలో వాళ్ల కాపురం ఇప్పటికీ సాగుతోంది. ఆ నెమ్మదస్తుడైన బావ ఇప్పుడు నాకంటే గట్టిగా గురకపెడతాడు, నాయనమ్మలాగే ఆయనకూ వినపడదు, అక్క చెవి దగ్గరికి వంగి అన్నీ విడమరిచి చెబుతుంది. నేనేమో ఇన్నేళ్లుగా ఈ కథను పిల్లలకు, వాళ్ల పిల్లలకు నా పథకంగా చెప్పుకొస్తున్నాను. అలంకరణ ఆంటీ సగం బేలు కొన్నది నేను చాటునుంచి చూశానని, అక్క ఇష్టం వచ్చినంతసేపు అబ్బాయిని చూసుకోవాలనే ఆ మిగిలిన థాను వెంటపడి కొన్నానని. ఏటా కొంచెం మెరుగుపెడుతున్నాను. ఈ డిసెంబరు సెలవుల్లో అందరం పంజాగుట్టలో షాపింగుకు పోయి, కాళ్లు లాగి ఒక మాల్‌లో బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు అదే కథ మళ్లీ ఎత్తుకున్నాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. మనవరాలొకతె, "మీరు జీనియస్ తాతా!" అంది. నేను వినయంగా మీసం సర్దుకున్నాను.

అక్క ఐస్‌క్రీం చెంచా పక్కన పెట్టింది. "తమ్మీ, ఆ దినం నేను వాళ్లనే చూసిన అనుకున్నవా? నీ మొకం సుత చూసిన. పాడుడు బంద్ చేసి ఏడుస్తున్నవ్. నా పెండ్లి యాడ చెడిపోతదో అని, ముక్కు తుడుసుకుంట, చిన్నపోరని లెక్క ఏడుస్తున్నవ్."

పిల్లలందరూ నా వైపు తిరిగారు. అది చలికి కారిన ముక్కు అని చెప్పబోయాను. నా నోట మాట తయారుగానే ఉంది, ఎన్నడూ లేనిది, ఎందుకో ఆగింది. అక్క తన చెంచాతో నా కప్పులోకి కొంచెం ఐస్‌క్రీం తోసింది. ఆ చర్చి నిండా జనం, నా అక్క, ఆఖరికి చెవుడున్న ఆ నాయనమ్మ కూడా ఆ రోజు వాణ్ణి చూసే ఉంటారు, కొబ్బరినూనె తలా, ఎర్రబడ్డ ముక్కూ, అక్క పెళ్లి కోసం భోరుమంటున్న ఆ వెర్రి తలకాయను. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నేళ్లకు చూశాను. వాడు నా కథలో ఉన్నవాడంత తెలివైనవాడు కాడు గానీ, నిజం చెప్పాలంటే, వాడే కొంచెం నయం.